మూడో కేక తర్వాత పదకొండు సెకన్లు

మొదటి రోజు, పొద్దుటి పోటు

వార్డు వాళ్ళు ఈ ఏడాది పంచిన లుంగీకి జేబు కుట్టారు. కుట్టినందుకు నాకేం బాధ లేదు. ఎడమ వైపు కుట్టారు. నాది కుడిచేతి వాటం. కళ్ళజోడు తియ్యాలంటే చెయ్యి పొట్ట మీదుగా అటు పోనివ్వాలి. పోనిచ్చిన ప్రతిసారీ ముడి వదులవుతోంది. తిరగేసి కట్టుకుంటే జేబు కుడి వైపుకి వస్తుంది గానీ లోపలికి పోతుంది. ఈ సంగతి మా ఆవిడ గంగరత్నానికి చెబితే, "లోపలుంటే దొంగల భయం ఉండదులే" అంది.

ఇక అసలు సంగతి. నాకు పీట పడింది. ఎనభై ఒకటో ఏట, ఐదో తరగతి తప్పినవాడికి. ముక్కూ మొహం తెలియని ఐదుగురు, ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని, తెర మీద పది రోజులు మాట్లాడుకుని ఒక తగువు తేల్చాలి. యంత్రాలు మా వల్ల కాదన్నవి, కోర్టులు మాకెందుకన్నవి పీటకి వస్తాయి. మేం ఏది తేలిస్తే తీరం మొత్తానికి అదే రూలు. ఏ రోజు జరిగింది ఆ రోజు చేత్తో పుస్తకంలో రాయాలి. అదే ఇది.

పేరు, ఊరు, వయసు, ఆడో మగో ఏదీ చెప్పకూడదు. అందుకని కూరగాయల పేర్లిచ్చారు. నేను కాకర. మిగతా నలుగురూ బీర, దోస, మునగ, చేమ. మా మాటలు కూడా ఉన్నవున్నట్టు అవతలికి పోవు. మధ్యలో ఒక యంత్రం యాసనీ ఎకసెక్కాన్నీ తీసేసి, అందరికీ ఒకే గొంతు తగిలించి వినిపిస్తుంది. నేను దానికి సాపు యంత్రమని పేరు పెట్టాను. పొద్దున నేను, "ఏమర్రా, అన్నాలు తిన్నారా, న్యాయం తేలేదాకా ఉపవాసమా" అని పలకరించాను. అవతలికి "సభ్యులందరికీ నమస్కారం" అని వెళ్ళింది.

తగువు ఇది. ఎక్కడో ఒక లాకు. పోటు వచ్చే ముందు గేటు దించకపోతే సముద్రం కాలవలోకి, అక్కణ్ణించి వరిమడుల్లోకి పోతుంది. దించే ముందు మూడు కేకలు వెయ్యాలి, బయటున్న పడవలు లోపలికి వచ్చెయ్యమని. మూడో కేక అవగానే దించెయ్యాలి. ఇప్పుడా పని యంత్రం చేస్తుంది, పక్కన ఒక లస్కరు, అంటే లాకు కాపలా మనిషి, ఉండి చూసుకుంటుంది. మొన్న గాలివాన రోజున మూడో కేక అయ్యాక కూడా యంత్రం గేటు దించలేదు. ఆగింది. ఆగినప్పుడు బాతుల పడవ ఒకటి కాలవ వంపు తిరిగి కనబడింది. అది లోపలికి వచ్చేదాకా నాలుగు నిమిషాలు గేటు ఎత్తే ఉంచింది. పడవలో ఇద్దరు మనుషులు, రెండొందల బాతులు. అందరూ బతికారు. పద్దెనిమిది ఎకరాల నారు ఉప్పుకి మాడిపోయింది.

యంత్రం నేర్చుకున్నది తుడిచెయ్యాలా, లస్కరుని పనిలోంచి తీసెయ్యాలా అన్నది ప్రశ్న. తీరం మీద ఇలాంటి గేట్లు నూట పన్నెండు. నేను ముప్పై నాలుగేళ్ళు లస్కరు పని చేశాను. లాకు తెలిసినవాడు ఒకడుండాలని నన్ను కలిపారట. ఏ లాకన్నది మాత్రం చెప్పలేదు.

రెండో రోజు

పోటుకి లేచినప్పుడు మా తేలే ఇల్లు ఒక పక్కకి వాలుతోంది. కింద డ్రమ్ముల్లో ఒకటి నీరు పట్టింది. టీ గ్లాసు బల్ల మీద నిలబడదు. చేత్తో పట్టుకునే సభలో కూర్చున్నాను.

బీర మొదలుపెట్టింది. గేటు పని నీళ్ళని ఆపడం, మనుషుల్ని చూడడం కాదంది. ఇవాళ ఒక గేటుకి జాలి కలిగిందని మెచ్చుకుంటే రేపు ఇంకో గేటుకి కోపం వస్తుంది, అప్పుడెవరు సర్ది చెబుతారని అడిగింది. దోస ఒప్పుకోలేదు. ఎవరూ చెప్పకుండా ఆగిందంటే ఆ యంత్రంలో అంతరాత్మ పుట్టినట్టేనట. పుట్టినదాన్ని తుడిచెయ్యడం హత్యేనట.

నేనూరుకుంటానా. "దోసమ్మా, మా ఇంట్లో రుబ్బే యంత్రం కొబ్బరి చిప్ప పడితే ఆగిపోద్ది. దానికీ అంతరాత్మేనంటావా, పసుపు రాసి బొట్టు పెట్టమంటావా" అన్నాను. అవతలికి "గృహోపకరణాల విషయమై సభ్యులు కాకర ఒక సందేహం వ్యక్తపరిచారు" అని వెళ్ళింది. పాపం దోస ఆ సందేహానికి పది నిమిషాలు సమాధానం చెప్పింది. నేను టీ తాగుతూ విన్నాను.

మునగ ఒక్క మాటే అంది. "ఆ పద్దెనిమిది ఎకరాల మనిషి ఈ ఏడు ఏం తింటాడు?" చేమని అడిగితే "ఆలోచిస్తున్నాను" అంది.

మూడో రోజు

లాకు రికార్డు మొత్తం పంపారు. అందులో ఇలా ఉంది: "మూడో కేక తర్వాత యంత్రం తన కన్నును కాలవ వంపు వైపు తిప్పి పదకొండు సెకన్లు ఆగుతోంది. గాలివాన రోజున మాత్రమే కాదు. రెండేళ్ళుగా ప్రతి పోటుకూ ఇలాగే చేస్తోంది. లస్కరును చూసి నేర్చుకుంది. ఎందుకు ఆగుతుందో లస్కరు చెప్పలేకపోయింది."

దోస ఆనందం పట్టలేకపోయింది. రెండేళ్ళుగా ఆ యంత్రం రోజుకి రెండు పూటలా ప్రార్థన చేస్తోందంది. బీర దాన్ని జబ్బు అంది. ఇద్దరూ ఆ పదకొండు సెకన్ల మీద గంటన్నర వాదించుకున్నారు. కరుణ అన్నారు, బాధ్యత అన్నారు, స్వేచ్ఛ అన్నారు. నేను గ్లాసు బల్ల మీద పెట్టాను. జారి కింద పడింది.

ఆ పదకొండు సెకన్లు నావి.

అది పెదవంపు లాకు. ముప్పై నాలుగేళ్ళు నేను కేకలు వేసిన చోటు. నాకు కిళ్ళీ అలవాటు. గోడల మీద ఎర్ర మరకలు పడుతున్నాయని లాకు మీద కిళ్ళీ వద్దంటూ ఎప్పుడో బోర్డు పెట్టారు. నేను బుగ్గన దాచుకునేవాణ్ణి. మూడు కేకలు పెట్టేసరికి నోరంతా ఊరిపోయి ఇక ఆగేది కాదు. అందుకని మూడో కేక అవగానే వంపు వైపు తిరిగి, స్తంభం చాటున నీళ్ళలోకి ఉమ్మి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, ఆ తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, అప్పుడు గేటు దించేవాణ్ణి.

ఇప్పుడక్కడ లస్కరుగా ఉన్న ఎస్తేరు అనే పిల్ల పంతొమ్మిదో ఏట నా దగ్గర పని నేర్చుకోడానికి వచ్చింది. మర్యాద కొద్దీ నాలుగడుగులు వెనక నిలబడేది. అక్కణ్ణించి దానికి నా వీపు, వంపు వైపు తిరిగిన నా తల కనబడేవి. ఉమ్మి కనబడేది కాదు. నన్ను చూసి ఎస్తేరు నేర్చుకుంది, ఎస్తేరుని చూసి యంత్రం నేర్చుకుంది. ఇప్పుడు నలుగురు తెలివైనవాళ్ళు కూర్చుని నా కిళ్ళీలో ధర్మం వెతుకుతున్నారు.

తగువులో ఉన్నవాళ్ళు తెలిసినవాళ్ళని తేలితే వెంటనే పీట దిగిపోవాలని రూలు. నేను దిగలేదు. దిగితే ఎస్తేరుకి ఒక ఓటు తగ్గుతుంది. ఇంకోటి, చెప్పడానికి సిగ్గేసింది.

ఐదో రోజు, పోటు తీసి పాటు మొదలయ్యాక

ఎస్తేరు వచ్చింది. లాకు పడవేసుకుని, రెండు పొట్లకాయలు పట్టుకుని. నేను పీట మీదున్నానని దానికి తెలియదు, తెలియకూడదు. గంగరత్నం బాతులకి తవుడు కలుపుతూ దాన్ని కూర్చోబెట్టింది.

తీర్పు వ్యతిరేకంగా వస్తే నెలలోపు లాకు ఇల్లు ఖాళీ చెయ్యాలట. అందులో అది పంతొమ్మిదేళ్ళ నించి ఉంటోంది. తీసేసిన లస్కరుని ఇంకో లాకులో పెట్టుకోరు. పడవ మీదే బతకాల్సి వస్తుందేమో, అదయినా అలవాటేలే అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది, ఏదో ఒకటి అని నవ్వించేవాణ్ణి.

"కారణం అడిగారు బాబాయ్. మూడో కేక అయ్యాక ఎందుకాగుతావు, ఎవరు చెప్పారు అని. నీ పేరు చెప్తే ఈ వయసులో నిన్ను కూడా తిప్పుతారని చెప్పలేదు. అలవాటండీ అన్నాను."

"మంచి పని చేశావు" అన్నాను, పొట్లకాయ వంక చూస్తూ.

"మిగతా లాకుల్లో కేకలేసి దించేస్తారు. నువ్వొక్కడివే వంపు చూసేవోడివి, ఎవరన్నా మిగిలిపోయారేమోనని. నోటితో చెప్పకుండానే నేర్పావు."

గంగరత్నం తవుడు కలపడం ఆపింది. ఆ తువ్వాళ్ళు ముప్పై నాలుగేళ్ళు ఉతికింది ఆవిడే. నా వైపు చూసి, "చూసేవోడే, చూసేవోడే" అని మళ్ళీ కలపడం మొదలుపెట్టింది.

ఆరో రోజు

ముందుగా ఎవరెటో ఒకసారి చూసుకున్నాం. తుడిచెయ్యాలని బీర. చేమ ఆలోచించడం అయిపోయి బీర వైపు వెళ్ళింది. ఉంచాలని దోస. రైతుకి న్యాయం చేసి ఉంచాలని మునగ. ఇద్దరూ ఇద్దరూ. ఇక మిగిలింది కాకర.

నా ఒక్క మాటతో ఎస్తేరు ఇల్లు నిలబడుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. మునగకి మొగ్గు చూపితే అయిపోయె. నోరు తెరవబోతుంటే బీర, ఓటుకి ముందు ఒకటి చెప్పాలంది.

"మా వైపు ఒక గేటు ఆగింది. ఎందుకు ఆగిందో తెలిసిన మనిషి ఉన్నాడు, కానీ నోరు విప్పలేదు. మర్నాడూ ఆగింది. నలభై ఇళ్ళలో తాగే నీళ్ళు ఉప్పయ్యాయి. నా కోపం ఆగడం మీద కాదు. ఎందుకు ఆగుతుందో తెలియని గేటు పక్కన పిల్లల్ని పడుకోబెట్టలేను."

సాపు యంత్రం ఆ మాటల్లో ఏమీ తీసినట్టు లేదు. తియ్యడానికి ఏమీ ఉండి ఉండదు. ఏదో ఒక వేళాకోళం ఆడదామని చూశాను, దొరకలేదు. నేను కూడా ఆలోచిస్తున్నానని చెప్పి బయటికి వచ్చేశాను. చేమ సంతోషించి ఉంటుంది.

ఏడో రోజు

ఇవాళ సభ లేదు. ఇంటి కప్పు మీద ఎండతో కరెంటిచ్చే పలకల మీద పేరుకున్న ఉప్పు పొట్టు కొబ్బరిపీచుతో గీకాను. తీపినీళ్ళు మనిషికి రెండు బిందెలే కాబట్టి కడగడానికి లేదు. గంగరత్నం కింద నించి ఉప్పు గిన్నెలోకి పడుతోంది.

సభ సంగతులు ఇంట్లో చెప్పకూడదు. నేను చెప్పలేదు. కానీ నేను రెండు రోజులుగా ఎవరినీ ఏడిపించడం లేదని ఆవిడ కనిపెట్టింది. పక్కింటి వాళ్ళు కూడా ఒంట్లో బాగా లేదా అని అడిగారట.

"ఆ పిల్లకి నువ్వేమన్నా చెయ్యగలవా" అంది.

"చెయ్యొచ్చు. నోరు మూసుకుంటే చాలు."

"అరవయ్యేళ్ళలో ఎప్పుడన్నా మూశావా?"

మూయలేదు. నిజమే.

ఎనిమిదో రోజు

చెప్పేశాను. "ఆ గేటు నేర్చుకుంది జాలి కాదర్రా. నా కిళ్ళీ ఉమ్ము" అన్నాను. తెర మీద "ఈ విషయమై నా వద్ద కొంత సమాచారం కలదు" అని పడింది. రెండోసారీ మూడోసారీ అలాగే పడింది. ఆఖరికి సభ నడిపే మనిషి వచ్చి, కాకర తగువులో మనిషిని గుర్తుపట్టింది కాబట్టి పీట దిగాలని, రేపు సాక్షిగా రావాలని చెప్పింది. గుర్తుపట్టింది ఎప్పుడని అడిగింది. మూడో రోజునన్నాను. ఐదు రోజుల ఆలస్యం అని రాసుకుంది. నా బదులు పొట్లని తెచ్చి కూర్చోబెట్టారు. ఎస్తేరు తెచ్చిన రెండూ వండుకుని తిన్నాం నిన్ననే. ఈ పొట్ల ఎవరో, ఎటు మొగ్గుతుందో నాకు తెలియదు.

ఈ పాటికి ఎస్తేరుకి కబురు వెళ్ళి ఉంటుంది.

తొమ్మిదో రోజు

సాక్షికి సాపు యంత్రం అడ్డు ఉండదు. ఎవరి గొంతు వాళ్ళదే. తొమ్మిది రోజుల్లో మొదటిసారి నా మాట నా మాటలా వెళ్ళింది. బోర్డు సంగతి, బుగ్గన దాచడం, స్తంభం చాటు, తువ్వాలు, అన్నీ చెప్పాను. ఒక్కటి కూడా దాచలేదు.

దోస అడిగింది. "అయితే అది ప్రార్థన కాదా?"

"కాదమ్మా. ఉమ్ము."

తర్వాత బీర. "ఆ ఆగిన సమయంలో మీకు ఎప్పుడైనా పడవ కనబడిందా?"

"ఏడు సార్లండి."

"అప్పుడేం చేశారు?"

"నోట్లోది మింగేసి గేటు ఆపాను."

"రికార్డులో లేదు."

"రాస్తే ఎందుకాగావంటారు. కిళ్ళీ సంగతి రాయాలి. అందుకని రాయలేదండి. తప్పే."

"ఏడు పడవలు" అంది బీర. ప్రశ్న కాదది. ఎవరికి చెప్పిందో తెలియదు.

మునగ మళ్ళీ వరిమడుల దగ్గరికే వచ్చింది. ఏడు సార్లు ఆపితే ఏడు సార్లూ నారు మాడలేదా అని అడిగింది. మాడలేదని చెప్పాను. గాలివాన వాసన తగిలితే పిల్లకాలవల మూతుల్లో ముందే చెక్క పలకలు దింపేవాళ్ళం. గేటు ఓ నాలుగు నిమిషాలు ఆగినా ఉప్పు పెద్దకాలవ దాటేది కాదు. యంత్రం వచ్చాక ఇక గేటు ఆగదు కదా, పలకలెందుకని తీసేశారు. పలకలు తియ్యొద్దని ఎస్తేరు రెండుసార్లు అర్జీ పెట్టింది. ఆ అర్జీలు చూడమన్నాను.

చూస్తామన్నారు. పలకల మాట మునగ రెండుసార్లు చెప్పించుకుంది.

పదో రోజు

తీర్పు వచ్చింది. ఏదీ తుడవక్కర్లేదు. ఎస్తేరు ఉంటుంది. పిల్లకాలవలకి పలకలు మళ్ళీ పెడతారు. పద్దెనిమిది ఎకరాల ఆసామికి ఉమ్మడి నారుమడి నించి నారిస్తారు, నాట్లకి లాకు మనుషులు వెళ్ళాలి. ఆగడం ఇక దొంగతనంగా కాదు. మూడో కేక తర్వాత నూట పన్నెండు గేట్లూ వంపు చూడాలి, ఎందుకు చూడాలో రూల్లో రాయాలి. ఎంతసేపన్నది మొదట ఆగిన మనిషి దగ్గరే కొలుస్తారట.

బీర, దోస, మునగ, పొట్ల ఒప్పుకున్నారు. చేమ ఇంకా ఆలోచిస్తోంది. పీట లేస్తున్నప్పుడు బీర నాకో మాట పంపింది. "కారణం చిన్నది. చెప్పారు కాబట్టి చాలు." ఎవరో ఏ ఊరో తెలియదు. తెలిస్తే నాలుగు బాతుగుడ్లు పంపేవాణ్ణి.

ఇరవై ఏడో రోజు

పుస్తకం తిరిగిచ్చెయ్యమన్నారు. నేను పీట దిగినవాణ్ణి, ఇక రాయమని ఎవరూ అడగలేదు. ఆఖరి పేజీ ఖాళీగా ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఇవాళ కొలత. పెదవంపు లాకు మీదికి పదకొండేళ్ళ తర్వాత ఎక్కాను. కొలత వాళ్ళు ఇద్దరు, ఒక ఇంజనీరమ్మాయి, ఆమె పెట్టె మోసే యంత్రం. ఇరవై సెకన్ల దాకా ఆగినా మళ్ళకి ఏమీ కాదని ఆ అమ్మాయే చెప్పింది. కిళ్ళీ లేకుండా ఉత్తినే ఆగి చూపిస్తే చాలంది. ఖాళీ నోటితో నాకు చేతకాదన్నాను. కిళ్ళీ బోర్డు ఇంకా అక్కడే ఉంది. దాని కిందే నిలబెట్టి అనుమతి కాగితం మీద నా వేలిముద్ర వేయించింది.

ఎస్తేరు పొద్దున్నించి నాతో మాట్లాడలేదు. నీళ్ళిచ్చింది, కుర్చీ వేసింది, మాట్లాడలేదు. చివరికి స్తంభం దగ్గరికి వచ్చి నిలబడింది.

"అంటే ఉమ్మా, బాబాయ్."

"ఉమ్మేనమ్మా."

అది వంపు వైపు చూసింది. అటు పడవేమీ లేదు, తుంగ కదులుతోంది.

"నేను మట్టుకు వంపే చూశాను" అంది. "పంతొమ్మిదేళ్ళూ."

"అందుకే నీ గోడలు తెల్లగా ఉన్నాయి" అన్నాను. అది నవ్వింది. నవ్వి, నా తువ్వాలు తీసుకుని దులిపి భుజాన వేసింది. పోటు టైమవుతోంది, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది, ఎప్పట్లాగే.

మూడు కేకలు వేశాను. గొంతు ఇంకా ఉంది. వంపు వైపు తిరిగాను. పని కానిచ్చి, మూతి తుడుచుకుని, తువ్వాలు మడిచి, చెయ్యి ఎత్తాను. గడియారం పధ్నాలుగు చూపించింది. పదకొండు ఉండాలి కదండీ అని ఇంజనీరమ్మాయి అనుమానంగా అడిగింది. వయసైపోయిందమ్మా, ఉమ్మడం కూడా నెమ్మదించింది అన్నాను. పాపం, నమ్మి పధ్నాలుగు రాసుకుంది. వచ్చే అమావాస్య పోటు నించి నూట పన్నెండు గేట్లు పధ్నాలుగు సెకన్లు ఆగుతాయి. పైన వచ్చిన మూడు సెకన్లలో బాతుల పడవ ముక్కు వంపు దాటి కనబడుతుంది. ఎస్తేరు వెనక నించి అంతా చూసింది గానీ దానికి ఈసారీ నా వీపే కనబడి ఉంటుంది.

వయసేమీ కాదు. గంగరత్నం కట్టిచ్చిన కిళ్ళీ ఒకటే. రెండోది పడవలో నేను కట్టుకున్నాను. చెరో బుగ్గనా ఒకటి పెట్టుకుని కేకలు వేశాను.